ఆరు పరీక్షలు చదివిన గొంతు

ముందుగా నిర్ధారణ అయినవాటినీ వినికిడినీ విడదీస్తాను.

నిర్ధారణ అయినవి: మా ప్రయోగశాలలోని లినక్స్ కంప్యూటరులో డిస్కు నిండిపోయింది. దేనితో నిండిందో రెండు రోజులపాటు ఎవరికీ కనిపించలేదు. కనిపించినప్పుడు అందులో నావి ఆరు ఫైళ్ళు ఉన్నాయి. ఆ ఆరింటిలోనూ ఒక మగగొంతు ఉంది. ఆ ఆరు పరీక్షలూ లోపలి గడియ వేసుకుని నేనొక్కదాన్నే చేసినవి.

వినికిడి: ఆ గొంతు మా పాత టెక్నీషియన్ యాదగిరిదని. యాదగిరి నా ఫిర్యాదు వల్లే పోయాడని. ఆ కంప్యూటరుకు నేనంటే పడదని. మూడోదాన్ని నేను పరిశీలనకు కూడా తీసుకోను. రెండోది వైద్యులు చెప్పాల్సిన విషయం. మొదటిదాని కోసమే ఇది రాస్తున్నాను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. చిన్నప్పుడు అనంతపురంలో మా వీధిలో ఎవరికైనా పూనకం వస్తే, పక్కన నిలబడి అది ఎన్ని నిమిషాలు ఉందో నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. అందుకు మా పెద్దమ్మ నా వీపు మీద రెండు వేసింది కూడా. ఇప్పటికీ నమ్మను. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళు కొలతలు ఇవ్వరు, సాక్షుల పేర్లు ఇవ్వరు, తమ తప్పులు అసలే చెప్పరు. నేను మూడూ చెబుతాను.

తార్నాక వైపు నుంచి క్యాంపస్‌లోకి వస్తే మా విభాగం పాత రాతి భవనంలో ఉంటుంది. గ్రానైటు ముక్కను ప్రెస్సులో పెట్టి నెమ్మదిగా నొక్కుతూ పోతే, అది పగిలే ముందు లోలోపల సన్నటి చప్పుళ్ళు చేస్తుంది. ఆ చప్పుళ్ళను రికార్డు చేసి, పగులు ఎప్పుడొస్తుందో ముందే చెప్పవచ్చా అని చూడడం నా పరిశోధన. ఒక్కో పరీక్షకు మూడు నాలుగు గంటలు పడుతుంది. ఒక్కో ఫైలు చాలా పెద్దది. అందుకే రికార్డింగు లోపలి డిస్కులోకి కాకుండా, యూఎస్‌బీతో తగిలించిన బయటి డ్రైవులోకి వెళ్ళేలా ఏర్పాటు ఉంది.

ఆ కంప్యూటరుకు ఒక జబ్బు. లోపలి చిన్న బ్యాటరీ నిలవదు. ఆపి మళ్ళీ వేస్తే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. ఇంటర్నెట్టు లేని గది కాబట్టి తనంతట తాను సరిచేసుకోలేదు. కనుక ఫైలు మీద పడే తేదీకి మా దగ్గర విలువ లేదు. దానికి బదులుగా, నేను చేరకముందు నుంచే ఒక పద్ధతి నడుస్తోంది. రికార్డింగు మొదలవగానే ఒక మనిషి మైకులో ఆనాటి తేదీ, నమూనా నంబరు, గోడ గడియారంలోని సమయం, తన పేరు గట్టిగా చెప్పాలి. దాన్ని మేము ‘చదవడం’ అంటాం. రిజిస్టరులో ‘చదివినవారు’ అనే గడి ఉంటుంది. చదివిన మనిషి అక్కడ సంతకం చెయ్యాలి. సంతకం లేని పరీక్ష లెక్కలోకి రాదు.

ముప్పై పరీక్షల వరకు చదివింది యాదగిరి. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే పనిచేసిన టెక్నీషియన్. అతనికీ నాకూ మొదటి వారం నుంచే పొసగలేదు.

“మేడం, డ్రైవు గట్ల గుంజకు. ముందు కంప్యూటర్లకెళ్ళి దించు, లైటు ఆరినంక తియ్యి” అనేవాడు, నలుగురి ముందు.

ప్రతి పరీక్షకు ముందు అతను ఒక కమాండు కొట్టి, డ్రైవు నిజంగా మౌంట్ అయిందా, అంటే కంప్యూటరు దాన్ని తనలో కలుపుకుందా లేదా అని చూసేవాడు. చూసి తల ఊపేవాడు. ఫ్యాక్టరీలో మిషనుకు దండం పెట్టే అలవాటులాంటిదే ఇదీ అనుకున్నాను. ఆ మాట అతనితోనే అన్నాను కూడా.

అతని మీద నేను రాసిన ఫిర్యాదు ఇది: మూడు పరీక్షల్లో అతను తలెత్తి గోడ గడియారం చూడకుండానే సమయం చదివాడు. మూడుసార్లూ నేను పక్కనే ఉన్నాను. ఊహించి చదివిన సమయం తప్పుడు నమోదు కిందికి వస్తుందని రాశాను. అతనికి మెమో ఇచ్చి, స్టోర్స్ విభాగానికి పంపారు.

వెళ్ళేరోజు తాళంచెవులు బల్ల మీద పడేసి అన్నాడు. “ఇగ నువ్వే చదువుకో మేడం.”

మిగిలిన ఆరు పరీక్షలు నేనే చేశాను, నేనే చదివాను. రెండు అయ్యాక, అతను మాణికేశ్వర్ నగర్‌లోని తన ఇంట్లో గుండెపోటుతో చనిపోయాడని తెలిసింది. తర్వాత మరో నాలుగు చేశాను. దినాలకు వెళ్ళలేదు. అయిదో పరీక్ష ఆ రోజునే పెట్టుకున్నాను.

థీసిస్ సమర్పణకు ముందు కమిటీ ముడి రికార్డింగులు అడిగింది. నా డ్రైవు తార్నాకలో నేను అద్దెకుండే గదిలో, బీరువాలో ఉంది. తెచ్చి తగిలిస్తే దాని లైటు వెలిగింది, అంతే. కంప్యూటరు తన పనులన్నీ నమోదు చేసుకునే లాగులో ‘చదవలేకపోతున్నాను’ అన్న అర్థం వచ్చే ఒకే వాక్యం వరసగా పడుతోంది. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, వేరే కంప్యూటరుకు పెట్టాను. కాచిగూడలో డ్రైవులు బాగుచేసే ఒకాయన విప్పి చూసి తిరిగి నా చేతిలో పెట్టాడు. “పానం పోయింది మేడం. ఇగ నువ్వు ఎంత బతిమిలాడినా లేవది.”

మొదటి ముప్పై పరీక్షలకు భయం లేదు. యాదగిరి ప్రతిదానికీ రెండో కాపీ తీసి, తన చేతిరాతతో చీటీ అంటించి అల్మారాలో పెట్టాడు. నా ఆరింటికి నేను రెండో కాపీ తీయలేదు. పరీక్ష అయిన వెంటనే ఆ కంప్యూటరులోనే లెక్కగట్టి తెచ్చుకున్న ఫలితాలు మాత్రం నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి.

మా గైడు కాగితాలు పక్కకు నెట్టారు. “నీ వాదన మొత్తం ఆ ఆరింటి మీదే నిలబడి ఉంది. రికార్డింగు లేని ఫలితాన్ని కల్పన అంటారు. అంటారేమిటి, కమిటీ కంటే ముందు నేనే అంటాను.”

పది రోజుల గడువు ఇచ్చారు. ఆరు ఫైళ్ళు తేవాలి, లేదంటే పరిశోధనలో కల్పన చేశానన్న అభియోగం మీద విచారణ. అయిదేళ్ళుగా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టిన మనిషిని కాబట్టి, ల్యాబులో ఎవరికీ పెద్దగా బాధ కలగలేదు.

సరిగ్గా అదే వారం ప్రయోగశాల కంప్యూటరు డిస్కు నిండింది. యాదగిరి కాపీలను అందులోకి ఎక్కించబోతే జాగా లేదని ఆపేసింది. డిస్కు మొత్తం ఎంత నిండిందో చెప్పే కమాండు నూటికి నూరు అంది. లోపలి ఫైళ్ళన్నీ కూడి చెప్పే కమాండు మాత్రం అరవై దగ్గర ఆగింది. మిగతా నలభై శాతంలో ఏముందో తెలియదు.

నా జూనియర్ నరేశ్ తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. “ఏంది మేడం, యాదగిరన్న నీకు జాగ ఇస్తలేడా?”

“నువ్వు పెట్టిన సినిమాలు తీసెయ్, అదే ఇస్తుంది” అన్నాను. అతను పెట్టినవి నిజంగానే ఉన్నాయి. తీసేసినా పెద్ద తేడా రాలేదు.

కంప్యూటర్ విభాగం నుంచి ఎస్తేరు గారిని పిలిచాను. గుంటూరు వైపు ఆవిడ, నెమ్మదిగా, వరసగా పనిచేస్తారు. తుడిచేసినా ఏదో ప్రోగ్రాము పట్టుకుని వదలని ఫైళ్ళు ఉన్నాయేమో చూశారు, లేవు. లాగులు చూశారు, చిన్నవే. చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో పేరుకుపోయాయేమో చూశారు, అదీ కాదు. రెండో రోజు మధ్యాహ్నం, అన్నం డబ్బా మూత పెట్టి చెయ్యి కడుక్కొచ్చి, తగిలించి ఉన్న డ్రైవు వైపు చూశారు.

“ఇది ఎవరిదండీ?”

నరేశ్‌ది. నా ఆరో పరీక్ష అయిన మర్నాడు తగిలించాడు. అప్పటినుంచి తీయలేదు.

“ఒకసారి దించి చూద్దామండీ.”

బయటి డ్రైవు వచ్చి కూర్చోవడానికి కంప్యూటరులో ఒక ఫోల్డరు ఉంటుంది. డ్రైవు లేనప్పుడు కూడా ఆ ఫోల్డరు ఉంటుంది. అప్పుడు అందులో ఏం రాసినా లోపలి డిస్కులోనే పడుతుంది. తర్వాత ఎప్పుడైనా డ్రైవు వచ్చి అక్కడ కూర్చుంటే, కింద పడినవి కనిపించవు, కానీ జాగా మాత్రం తింటూనే ఉంటాయి. నరేశ్ డ్రైవును దించగానే ఖాళీగా ఉండాల్సిన ఫోల్డరులో ఆరు ఫైళ్ళు బయటపడ్డాయి. నా ఆరు ఫైళ్ళు.

అంతవరకు వివరణ పూర్తిగా ఉంది, తప్పు పూర్తిగా నాది. ముప్పై ఒకటో పరీక్షకు ముందు నేను డ్రైవును దించకుండానే గుంజి తీశాను. దాంతో అది పాడైంది, మళ్ళీ తగిలిస్తే మౌంట్ కాలేదు. లైటు వెలిగింది కదా అనుకున్నాను. యాదగిరి ప్రతిసారీ కొట్టే ఆ ఒక్క కమాండు నేను ఆరుసార్లూ కొట్టలేదు. నేను బీరువాలో పెట్టి తాళం వేసిన డ్రైవులో ఆ పరీక్షలు ఎప్పుడూ లేవు.

ఫైళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూడడానికి ఎస్తేరు గారు మొదటిదాన్ని వినిపించారు. నా విశ్లేషణ ప్రోగ్రాము చదివిన భాగాన్ని, అంటే మొదటి ముప్పై సెకన్లను, వదిలేసి లెక్కిస్తుంది. కాబట్టి ఆ ముప్పై సెకన్లు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

తేదీ. నమూనా ముప్పై ఒకటి. సమయం. “చదివినోడు యాదగిరి.”

ఎస్తేరు గారు నా వైపు చూశారు. నేను ఆవిడ చేతికింద నుంచి మౌసు తీసుకుని రెండోది పెట్టాను. మూడోది, నాలుగోది. తేదీలు సరైనవి, నంబర్లు సరైనవి. అన్నింటిలో అదే గొంతు, చివర అదే పేరు. నా గొంతు ఎక్కడా లేదు. నేను చదివాను. ఆ ఆరు రోజులూ చదివానని నా డైరీలో ఉంది.

ఆరోది పూర్తిగా రాస్తున్నాను. తేదీ. “నమూనా ముప్పై ఆరు. కరెంటు పోయి అచ్చింది. టైం రెండు ముప్పై ఏడు. చదివినోడు యాదగిరి.” కొంతసేపు ప్రెస్సు రొద. తర్వాత, మైకుకు దూరంగా కాదు, మరింత దగ్గరగా: “మేడం గడియారం చూడలే.”

ఎస్తేరు గారు లేచి బ్యాగు తీసుకున్నారు. “ఆయన గొంతేనండీ. పన్నెండేళ్ళు విన్నాను.” తలుపు దాకా వెళ్ళి ఆగారు. “కానీ నేను వినలేదండీ. కమిటీ వాళ్ళు అడిగినా ఇదే చెప్తాను. నన్ను దీంట్లోకి లాగొద్దు.”

తర్వాతి మూడు రోజులు నేను తనిఖీ చేశాను. స్టోర్స్‌కు వెళ్ళేముందే అతను ఆ ఆరూ చదివి దాచాడా? ఆరో పరీక్షరోజు కరెంటు పోతుందని అతనికి ఎలా తెలుస్తుంది? పోనీ, తర్వాత ఎవరో అతికించారా? రాయికి అంటించిన సెన్సర్లు కూడా ఆ గొంతును సన్నగా పట్టాయి, అదే క్షణంలో, ప్రెస్సు రొదతో కలిపి. గదిలో పలికిన మాటకే అలా జరుగుతుంది. పాత పరీక్షల్లో అతను చదివినవాటి నుంచి ముక్కలు కోసి అతికించారేమోనని పోల్చాను, ఏ ముక్కా వాటిలోది కాదు. నా జ్ఞాపకం తప్పా? కావచ్చు. జ్ఞాపకం సాక్ష్యం కాదని నేనే పదిమందికి చెప్పాను.

ఇక రెండు ముప్పై ఏడు. నా రిజిస్టరులో ఆ రోజు రెండున్నర అని ఉంది. ప్రెస్సుకు సొంత కాగితపు చుట్ట ఉంటుంది, ఒత్తిడి మొదలైన నిమిషం దాని మీద పడుతుంది. ఆ చుట్టలు ఎవరూ విప్పరు. నేను విప్పాను. రెండు ముప్పై ఏడు. కరెంటు వచ్చిన తొందరలో నేను గోడ వైపు చూడకుండా, సుమారుగా చదివి, సుమారుగా రాశాను. చప్పుళ్ళనూ ఒత్తిడినీ ఆ సమయం చూసే జతపరుస్తాం కాబట్టి, ఆ ఏడు నిమిషాలు సరిచేస్తే ఆ పరీక్ష ఫలితం మారుతుంది.

చుట్టలు ఎలాగూ విప్పాను కాబట్టి, ఫిర్యాదులోని మూడు పరీక్షలవి కూడా చూశాను. మూడింటిలోనూ యాదగిరి చదివిన సమయం నిమిషం తేడా లేకుండా సరిపోయింది.

ఇది ఎలా సాధ్యమని ఎస్తేరు గారిని ఫోనులో అడిగాను.

“ఆయన చేతివాచీ లోపలివైపుకి పెట్టుకునేవారు కదండీ. పొద్దున్నే గోడ గడియారంతో కలుపుకునేవారు. ఇన్నేళ్ళు పక్కనే ఉండి మీరు చూళ్ళేదా?”

చూడలేదు.

గడువుకు నాలుగు రోజులుండగా మాణికేశ్వర్ నగర్ వెళ్ళాను. ఆ గొంతు అతనిదో కాదో అందరికంటే బాగా చెప్పగలిగేది అతని భార్య అంజమ్మ. మిట్టమధ్యాహ్నం, గడప ముందు గిన్నెలు తోముతోంది. నేనెవరో చెప్పాల్సిన అవసరం రాలేదు.

“ఏంది మేడం, మూడొద్దులకు రాలే, దినాలకు రాలే. గిప్పుడు యాదికచ్చిండా మా ఆయన?”

విషయం చెప్పాను. ముప్పై సెకన్లు వింటే చాలన్నాను. ఫోను బయటికి తీశాను.

“లోపల పెట్టు గది.” బూడిద చేతులు నా వైపు చాపింది. “పొద్దంత మీ కంప్యూటర్ల కాడనే ఉండె. బతికున్నప్పుడు గాయన మాట ఇన్నవా నువ్వు? సచ్చినంక ఇంటవా?”

ఫిర్యాదు తప్పని తేలిందని చెప్పాను. చుట్టల సంగతి చెప్పాను.

“నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్వదా? ఆఫీసుల చెప్పు. గాయన తప్పు రాసిండని ఓ కాయితం రాస్తివి గద, గా కాయితం తెచ్చి నా ముంగట చింపు. గప్పుడు ఇంట. గాయనదైతే గాయనదంట, కాకుంటే కాదంట. అప్పటిదాంక నా గడప తొక్కకు.”

గైడు దగ్గరికి ఆరు ఫైళ్ళు తీసుకెళ్ళాను. మొదటిదాన్ని పది సెకన్లు విని ఆపేశారు. కంప్యూటరులో ఎవరో ఏదో చేశారు, అది తన సమస్య కాదన్నారు. “ఆ ముప్పై సెకన్లు కోసెయ్. ఎలాగూ విశ్లేషణలోకి రావు. ‘చదివినవారు’ దగ్గర నీ సంతకం ఉంది కదా? సమయం నీ రిజిస్టరులో ఉన్నదే ఉండనీ. అయిపోయింది.”

రిజిస్టరులో నా సంతకం ఉంది, నిజమే. ఫైలులో నేను లేను. రెండూ చూశాక ఆ సంతకాన్ని నిలబెడితే, ఒక మనిషి చెయ్యని తప్పును చేశాడని నేను రాసిందానికంటే అది పెద్ద అబద్ధం.

కోయలేదు. ఆరు ఫైళ్ళూ ఉన్నవి ఉన్నట్టు కమిటీకి ఇచ్చాను. సరిచేసిన సమయం, కాగితపు చుట్టల నకళ్ళు, ఒక పేజీ వివరణ జతచేశాను. ‘చదివినది నేనని నమ్ముతున్నాను. రికార్డింగు దాన్ని బలపరచడం లేదు. చదివినవారెవరో నిర్ధారించలేకపోయాను’ అని రాసి, రిజిస్టరులో నా ఆరు సంతకాలూ కొట్టేశాను.

కమిటీలో ఒకాయన ఆ పేజీని రెండుసార్లు చదివారు. “గదిలో మీరొక్కరే ఉన్నారంటారు. చదివింది మీరు కాదంటారు. మరి ఎవరమ్మా?”

“తెలియదండీ.”

“తెలిస్తే ఆ మనిషి సంతకం పట్టుకురండి. అప్పటిదాకా ఇవి లెక్కలోకి రావు.”

కల్పన అన్న అభియోగం పోయింది, ఫైళ్ళు ఉన్నాయి కాబట్టి. ఆరు పరీక్షలు కూడా పోయాయి, సంతకం లేదు కాబట్టి. కొత్త నమూనాలతో మళ్ళీ చేయడానికి ఏడాది పట్టింది. ముందు అనుకున్నంత గట్టి ఫలితం రాలేదు. థీసిస్ బలహీనంగానే గట్టెక్కింది. ఈసారి నేను చదివినవన్నీ అదే రోజు విన్నాను. అన్నింటిలోనూ నా గొంతే ఉంది.

ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నానని, అది తప్పని, ఆధారాలు జతచేసి పరిపాలన కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఉద్యోగి మరణించినందున ఫైలు మూసివేయబడిందని, మూసిన ఫైలులో మార్పులకు నిబంధన లేదని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను. అదే జవాబు, సంతకం మాత్రం వేరే ఆయనది. ఒకరోజు స్వయంగా వెళ్తే, కౌంటరు వెనక ఉన్నాయన తలెత్తకుండానే అన్నాడు. “పోయినాయనకు క్లీన్ చిట్ ఏంది మేడం? గాయన అచ్చి అడిగిండా?”

ఫైళ్ళు ఎలా మాయమయ్యాయో చెప్పగలను. డిస్కు ఎలా నిండిందో చెప్పగలను. ఏడు నిమిషాలు ఎక్కడ పోయాయో చెప్పగలను. ఆ ఆరు పరీక్షలు ఎవరు చదివారో మాత్రం చెప్పలేను. నన్నడిగితే ఆ గొంతు యాదగిరిదే అంటాను, కానీ అతని మీద ఒకసారి తప్పుడు సాక్ష్యం రాసిన మనిషిని నేను, నా మాట చెల్లదు. ఎస్తేరు గారు వినలేదంటారు. మిగిలింది అంజమ్మ. ఆమె అడిగిన కాగితం పరిపాలన భవనంలో ఒక మూసిన ఫైలులో ఉంది. అది బయటికి వచ్చేదాకా ఆమె వినదు, ఆమె విని ఎవరిదో చెప్పేదాకా రిజిస్టరులో కొట్టేసిన నా సంతకాల పక్కన ఆ ఆరు గడులూ ఖాళీగానే ఉంటాయి. మూడో ఉత్తరం రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు.